చేతికి రెక్కకు నడుమ

యుద్ధవిమానపు సిమ్యులేటరును మొదటిసారి తెరచి కూర్చున్నవానికి కలుగు ఆశ్చర్యములలో మొదటిది ఆ విమానము ఎగురకపోవుటయే. తెరమీద ఏ-10సీ విమానపు కాక్‌పిట్ కన్పించును. కుడియెడమల పలకలమీద వందలకొలది స్విచ్చులును, గుండ్రని మీటర్లును, మీటలును బారులు తీరియుండును. కాని ఒక్క దీపమైనను వెలుగదు, ఒక్క ముల్లయినను కదలదు. థ్రాటిల్‌ను చివరివఱకు తోసినను ఇంజిను పలుకదు. ఆటవస్తువనుకొని తెచ్చుకొన్నవాడు అప్పుడు బల్లక్రిందికి వంగి కేబుళ్ళు ఊడబెఱికి మరల తగిలించును, కంప్యూటరును రీస్టార్ట్ చేయును, అమ్మినవానికి ఫోను చేయును. నిజమునకు అక్కడ చెడినది ఏదియు లేదు. రాత్రి షెడ్డులో నిలిపిన రైలింజను వలె ఆ విమానము చల్లబడి నిద్రించుచున్నది. విమానపు స్వభావమును కంప్యూటరు జబ్బుగా భ్రమించుటయు, కంప్యూటరు జబ్బును విమానపు స్వభావముగా భ్రమించుటయు ఈ విద్య నేర్చువారందఱును పడు గోతులు. ఆ రెంటిని వేఱుచేయుటకు, పైలటు చేతినుండి విమానపు రెక్కవఱకు ఆజ్ఞ నడచు దారినంతయు అంగుళమంగుళముగా ఎఱిగియుండుటకంటె వేఱు సాధనము లేదని నా నమ్మకము.

నిద్ర లేపు క్రమమును చూతము. ముందు బ్యాటరీ స్విచ్చు వేయవలెను. బ్యాటరీ ఇచ్చునది డీసీ విద్యుత్తు. ఇంజిను మీటర్లకు కావలసినది ఏసీ. కనుక రెండవ స్విచ్చు ఇన్వర్టరుది. కరెంటు కోతలకు అలవాటుపడిన మన యిండ్లలో ఇన్వర్టరనగానేమో వివరింపనక్కరలేదు. మెట్లక్రింద బ్యాటరీ ప్రక్కన కూర్చున్న ఆ పెట్టె చేయు పనినే ఇదియు చేయును. భేదమొక్కటియే: మన యింటి విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములది, విమానములోనిది 400 ఆవర్తనములది. ఆవర్తనములు పెరిగినకొలది ఒక్కొక్క ఆవర్తనములో ట్రాన్స్‌ఫార్మరు ఇనుము మోయవలసిన అయస్కాంత భారము తగ్గును. ఆ మేరకు ఇనుమును తగ్గించుకొనవచ్చును. ఆకాశమున మోయవలసిన ప్రతి కిలోకును ఇంధనముతో వెల చెల్లింపవలసి యుండుటచేత విమాన నిర్మాతలు ఈ మార్గమును పట్టిరి. ఇన్వర్టరు వేయగనే మీటర్ల ముండ్లు ఒక్కసారి వణకి తమ స్థానములకు చేరును. అటుపిమ్మట విమానపు వెనుకభాగమున దాగియున్న ఏపీయూ అను చిన్న టర్బైనును రగిలింపవలెను. బ్యాటరీ శక్తి ఈ చిన్నదానిని మాత్రమే త్రిప్పగలదు. ఆ చిన్నది పుట్టించిన గాలి పెద్ద ఇంజినును త్రిప్పును. పెద్ద ఇంజిను తన జనరేటరును త్రిప్పి విమానమునంతటిని పోషించును. అగ్గిపుల్లతో చితుకులను, చితుకులతో మొద్దులను అంటించు నేర్పే ఇది.

ఎడమ థ్రాటిల్‌ను ఐడిల్ గాడిలోనికి తెచ్చినపుడు పైలటు కన్ను రెండు మీటర్లమీద నిలువవలెను: ఒకటి ఇంజిను వేగమును, రెండవది టర్బైను ఉష్ణోగ్రతను చూపునది. వేగమును ఉష్ణోగ్రతయు చేయిచేయి పట్టుకొని పెరిగినచో సుఖము. వేగము మందగించి ఉష్ణోగ్రత మాత్రము పరుగెత్తినచో, లోపల ఇంధనమునకు తగిన గాలి అందుటలేదని అర్థము; తక్షణము ఇంధనమును ఆపవలెను. ఏ మీటరునైనను ఒంటరిగా నమ్మక, దాని తోడిదానితో పోల్చి చదువు ఈ అలవాటు మనకు మరల పనికివచ్చును.

ఇక విమానము తానెక్కడ ఉన్నదో, ఏ దిక్కునకు చూచుచున్నదో తెలిసికొనవలెను. జడత్వ మార్గదర్శక యంత్రము గురుత్వాకర్షణచేత క్రిందు ఏదో గ్రహించును. గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగు భూభ్రమణమును పసికట్టి ఉత్తరమేదో గ్రహించును. ఈ పని ముగియునంతవఱకు విమానము కదలరాదు. ఓపికలేనివాడు నడుమనే టాక్సీ చేసి బయలుదేరిన యెడల ఆకాశములో మార్గసూచికలు అబద్ధము చెప్పును. వాడు మరల కంప్యూటరునే నిందించును. ఒక మీట నొక్కిన పనులన్నియు తమంత జరిగిపోవు సౌలభ్యము సిమ్యులేటరులో లేకపోలేదు. కాని క్రొత్తవారు మొదటి నెల దానిని ముట్టరాదని నేను గట్టిగా చెప్పుదును. ఏ స్విచ్చు దేనికి ప్రాణము పోయునో చేతితో నేర్చినవానికి, పోయిన ప్రాణము ఏ స్విచ్చు దగ్గర పోయినదో వెదకుట తెలియును.

కంప్యూటరు కూడ ఇట్లే లేచునని చాలమంది ఎఱుగరు. బటను నొక్కగనే ప్రాసెసరు పనిలో దిగదు. క్యాబినెట్‌లోని ఎస్‌ఎంపీఎస్ తన 12, 5, 3.3 వోల్టుల ధారలను నిలకడకు తెచ్చుకొని, అన్నియు కుదురుకొన్నవని ఒక ప్రత్యేకమైన తీగమీద సంకేతము పంపునంతవఱకు ప్రాసెసరు కట్టివేయబడియే యుండును. పిమ్మట అది తన ర్యామ్‌ను, గ్రాఫిక్స్ కార్డును, కీబోర్డును పేరుపేరున పిలిచి పరీక్షించును. లోపమున్నచో బీప్ శబ్దములతోనో దీపములతోనో తెలుపును. విమానములోని పరికరములు లేవగనే చేసికొను స్వయంపరీక్షకును దీనికిని స్వభావభేదము లేదు.

సిమ్యులేటర్లనెడి ఈ భూమిమీది విమానముల కథ కంప్యూటర్లకంటె ప్రాచీనము. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు బింగ్‌హామ్టన్ పట్టణమున పియానోలు, ఆర్గన్లు చేయు కర్మాగారమొకటి యుండెను. దాని యజమాని కొడుకు ఎడ్విన్ లింక్. విమానయానము నేర్వగోరి, దానికగు వ్యయమునకు విసిగి, తండ్రి కర్మాగారములో తన చేతికందిన వస్తువులతోనే 1929లో ఒక పొట్టివిమానమును నిర్మించెను. ఆ వస్తువులేవనగా ఆర్గన్‌లోని గాలితిత్తులు, కవాటములు, మోటారు పంపు. కఱ్ఱతో చేసిన ఆ చిన్న కాక్‌పిట్ తిత్తులమీద నిలిచి, లోని విద్యార్థి స్టిక్‌ను కదిపినకొలది తిత్తులు ఉబ్బియు క్రుంగియు ముందువెనుకలకు, ప్రక్కలకు ఒఱగుచుండెను. మొదట దానిని వినోదశాలలవారే ఎక్కువగా కొనిరి. 1934లో అమెరికా సైనిక వైమానిక దళమునకు తపాలా మోయు పని అప్పగింపబడగా, మబ్బులలో మీటర్లను మాత్రమే చూచి నడుపు విద్య చాలని పైలట్లు కొద్ది వారములలో పలువురు మరణించిరి. అప్పుడు దళమువారు లింక్ యంత్రములను ఆఱింటిని కొనిరి. రెండవ ప్రపంచ యుద్ధము ముగియునప్పటికి పదివేలకు పైగా తయారయ్యెను. సంగీతమునకు ఊపిరియూదిన తిత్తి పైలట్ల ప్రాణము కాచుటకు ఉపకరించుట నాకెప్పటికిని ఆనందము కలిగించు విషయము.

తరువాతి చరిత్రను త్వరగా చెప్పవచ్చును. బ్రూస్ ఆర్ట్‌విక్ చేసిన సిమ్యులేటరు ప్రోగ్రాము మొదట యాపిల్-2 కంప్యూటరుమీద, 1982లో ఐబీఎం పీసీమీద మైక్రోసాఫ్ట్ పేర ఇంటి బల్లలకు చేరెను. యుద్ధవిమాన సిమ్యులేటర్లలో 1998 నాటి ఫాల్కన్ 4.0 ఎఫ్-16ను, 2011 నాటి డీసీఎస్ ఏ-10సీని స్విచ్చు స్విచ్చుగా పునర్నిర్మించినవి. ఈ రెండవది అమెరికా ఎయిర్ నేషనల్ గార్డు పైలట్ల శిక్షణకై చేసిన కంప్యూటరు పాఠమునుండి పుట్టినది. అందుచేతనే దానిలో ఆటగాని సౌఖ్యముకంటె శిక్షకుని పట్టుదల హెచ్చు.

చేతినుండి రెక్కకు నడుచు దారి ఎంత సున్నితమైనదో చెప్పుటకు నిజమైన విమానపు కథయే మేలు. ఎఫ్-16కు ముందు నమూనా అయిన వైఎఫ్-16లో స్టిక్‌కును రెక్కకును నడుమ ఉక్కుతీగ లేదు, విద్యుత్సంకేతము మాత్రమే యున్నది. స్టిక్ దాదాపు కదలదు. చేతి ఒత్తిడిని మాత్రము కొలుచును. 1974 జనవరి 20న ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరమున ఫిల్ ఓస్ట్రైకర్ అను పైలటు దానిని రన్‌వేమీద వేగముగా పరుగెత్తించి పరీక్షించుచుండెను. ఎగురుట ఆనాటి కార్యక్రమములో లేదు. కొంచెము ఒత్తిడికి ఎంత ఒఱగవలెనో నిర్ణయించు గుణకము హెచ్చుగా నుండుటచే, విమానము ఒక ప్రక్కకు ఒఱగగా పైలటు సరిదిద్దెను. ఆ దిద్దుబాటు మితిమీఱి రెండవ ప్రక్కకు ఒఱగెను. మరల దిద్దగా మరల మితిమీఱెను. తోకరెక్క నేలను రాచుకొనెను, విమానము రన్‌వే నుండి ప్రక్కకు పోసాగెను. నేలమీద నిలుపుటకంటె గాలిలోనికి పోవుటయే క్షేమమని తలచి ఓస్ట్రైకర్ శక్తి పెంచి ఎగిరిపోయి, ఆఱు నిమిషముల పిమ్మట సురక్షితముగా దిగెను. అధికారికమైన తొలి పయనము ఫిబ్రవరి 2న జరిగినది, గుణకమును తగ్గించిరి. ఇంటిలో సిమ్యులేటరు ముందు కూర్చుండి, ఇంధనము నింపు ట్యాంకరు వెనుక నిలువలేక ఊగిసలాడు ప్రతివానికిని ఈ కథ తెలియవలెను. ఊగుట ఎల్లపుడును చేతకానితనము కాదు. గుణకము హెచ్చినను ఊగును, చేసిన దిద్దుబాటు కంటికి కనబడుటలో ఆలస్యమైనను ఊగును. స్టిక్ నడుమభాగమున స్పందనను మెత్తన చేయుటకు సిమ్యులేటరు సెట్టింగులలో ఒక వక్రరేఖ ఇవ్వబడినది అందులకే.

మన బల్లమీద ఆ దారి ఎట్లున్నది? 1981 నాటి ఐబీఎం పీసీలో జాయ్‌స్టిక్ లోపల ఒక నిరోధకము, కార్డుమీద ఒక కెపాసిటరు, ఒక టైమరు చిప్పు ఉండెడివి. స్టిక్‌ను వంచినకొలది నిరోధము మాఱును; నిరోధము పెరిగినకొలది కెపాసిటరు నిండుటకు ఎక్కువ కాలము పట్టును; ప్రాసెసరు ఆ కాలమును వ్రేళ్ళు లెక్కించినట్లు లెక్కించి స్టిక్ ఎంత వంగినదో ఊహించును. వేగముగల ప్రాసెసరు అదే కాలములో ఎక్కువ లెక్క పెట్టును గనుక, క్రొత్త కంప్యూటరు కొనినపుడెల్ల స్టిక్‌ను మరల క్యాలిబ్రేట్ చేయవలసివచ్చెడిది. తరువాత యూఎస్‌బీ వచ్చి ఆ లెక్కను స్టిక్ లోపలికే మార్చినది. కాని నిరోధకము చాలకాలము మిగిలినది. కార్బన్ పూతమీద లోహపు నాలుక రాచుకొని తిరుగు ఆ పరికరములో కొన్నేండ్లకు పూత అరుగును, దుమ్ము చేరును. చేయి కదలకున్నను సంకేతము ఎగిరిపడును. గాలి లేని ఆకాశములో విమానము తుళ్ళిపడును. పాత రేడియో వాల్యూము మీట త్రిప్పినపుడు గరగరమను శబ్దము విన్నవారు ఈ జబ్బును చెవితో ఎఱుగుదురు. ఇప్పటి మంచి స్టిక్కులలో రాపిడి లేదు. అయస్కాంతము దగ్గరకు వచ్చినపుడు విద్యుత్తు ప్రవహించు పలకమీద అడ్డముగా వోల్టేజి పుట్టునని ఎడ్విన్ హాల్ 1879లో కనుగొన్న ధర్మమే వానికి ఆధారము. తాకనిది అరుగదు.

చేతి సంకేతము లోపలికి చేరిన తరువాత ప్రాసెసరు గాలిని, బరువును, వేగమును గణించి రెక్కను కదల్చును. గ్రాఫిక్స్ కార్డు ఆ దృశ్యమును చిత్రించును. సెకనుకు 60 చిత్రములనగా ఒక్కొక్కదానికి 16.7 మిల్లీసెకన్ల గడువు. ఇక్కడ సగటును నమ్మి మోసపోవువారు పెక్కురు. 59 చిత్రములు 900 మిల్లీసెకన్లలో ముగిసి, మిగిలిన ఒక్కటి 100 మిల్లీసెకన్లు తీసికొన్నచో, లెక్క సెకనుకు 60గానే చూపును. కాని ఆ ఒక్క చిత్రముకడ కన్ను తడబడును, దిద్దుబాటు ఆలస్యమగును, ఓస్ట్రైకర్‌కు కలిగిన ఊపు మనకును కలుగును. కావున చూడవలసినది సగటు కాదు, ఒక్కొక్క చిత్రమునకు పట్టిన కాలము. ఆ తడబాటు దట్టమైన నగరముమీదికి వచ్చినపుడు మాత్రమే కలిగి, డిస్కు దీపము అదేపనిగా మినుకుమనినచో ర్యామ్ చాలలేదని అనుమానింపవచ్చును. ఇరువది నిమిషములు హాయిగా నడచి, పిమ్మట మొదలై, ఆట ఆపి చల్లబడనిచ్చిన మరల హాయిగా నడచినచో దోషము వేడిది.

వేడినిగూర్చి మనవారు ప్రత్యేకముగా తెలిసికొనవలెను. విదేశీయుల సలహాలు మన మే నెలను ఎఱుగవు. ఫ్యానుతో చల్లార్చు ప్రాసెసరు గదిలోని గాలికంటె చల్లబడజాలదు. దాని ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రతమీద కూడిక. పూర్తి భారమున ఒక ప్రాసెసరు గదికంటె 50 డిగ్రీలు హెచ్చుగా నుండుననుకొందము. 28 డిగ్రీల గదిలో అది 78 దగ్గర సుఖముగా నుండును. రెంటచింతల ఎండలో 43 డిగ్రీల గదిలో 93కు చేరి, తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనుటకు సిద్ధపడును. ఆ ఎండయే నిజమైన రన్‌వేమీద గాలిని పలుచన చేసి ఇంజిను బలమును, రెక్క మోతను రెంటిని తగ్గించును. క్యాబినెట్ ప్రక్కపలక తీసి, బల్లఫ్యాను ఎదుట పెట్టి పది నిమిషములు చూడుడు. తడబాటు తగ్గినచో దోషి దొరికినట్లే. అప్పుడు దుమ్ము దులిపి, హీట్‌సింక్ క్రింద ఎండిపోయిన పేస్టును మార్చవలెను.

యూఎస్‌బీ విషయము చిన్నది కాని బహుజనబాధకము. యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టులవద్ద 500 మిల్లీయాంపియర్లకు హామీ ఇచ్చును. దానికొక హబ్బు తగిలించి, ఆ హబ్బునకు స్టిక్, దీపములు గల థ్రాటిల్, పెడళ్ళు, తల కదలికను గుర్తించు పరికరము తగిలించినచో అందఱును ఆ పిడికెడు అన్నమునే పంచుకొనవలెను. విమానములో జనరేటరు పోయినపుడు అనవసరమైన పరికరములకు విద్యుత్తు ఆపి ప్రాణాధారమైనవానికే ఇచ్చు ఏర్పాటు కలదు. హబ్బునకు ఆ వివేకము లేదు. అది డైవ్ నడుమ థ్రాటిల్‌నే వదలివేయవచ్చును. స్పీకరులో పరికరము ఊడినపుడు వచ్చు చిన్న ధ్వనియే దానికి సాక్ష్యము. సొంత అడాప్టరుగల హబ్బు వాడుటయు, విండోస్ విద్యుత్ పొదుపునకై పోర్టులను నిద్రపుచ్చకుండ సెట్టింగు మార్చుటయు దీనికి మందు.

నన్ను వారము దినములు ఏడిపించిన ఒక దోషమును కొంత విపులముగా చెప్పుదును. క్రొత్తగా రడ్డర్ పెడళ్ళు కొన్న దినములవి. నల్లసముద్రతీరమున బటూమి రన్‌వేకు దిగబోవుచు, ఏ-10సీని నెమ్మదిగా మలుపు త్రిప్పుచుండగా, ఎడమ రెక్క ఒక్కసారి క్రిందికి పడి విమానము దొర్లి సముద్రములో కూలెను. వేగము తగ్గి, రడ్డరు తొక్కి మలుపు త్రిప్పునపుడు రెక్క పట్టు దప్పి పడుట ఏ విమానమునకైనను సహజమే గనుక తప్పు నాదే యనుకొంటిని. మరునాడు 180 నాట్ల వేగమున, చాలినంత ఎత్తులో అదే మలుపు త్రిప్పితిని, మరల దొర్లెను. పట్టు దప్పుటకు ముందు వినబడవలసిన హెచ్చరిక ధ్వని వినబడలేదు. ఒక మీటరును మఱియొకదానితో పోల్చవలెనను పాఠము అప్పుడు గుర్తునకు వచ్చెను: రెక్క పడినదని కన్ను చెప్పుచున్నది, పడుటకు కారణము లేదని చెవి చెప్పుచున్నది.

స్థిరత్వ సహాయక స్విచ్చులన్నియు పైకే యున్నవి. ఇంధనము రెండు ప్రక్కల సమానము. రెక్కలక్రింద బాంబులు లేవు. విమానమును మార్చి సుఖోయ్-25టీలో కూర్చుంటిని, అదియు దొర్లెను. ఈ ఒక్క పరీక్షతో సగము దారి నిర్దోషియని తేలినది, రెండు దేశముల విమానములకు ఒకే జబ్బు రాదు గదా. ఇక మిగిలినది నా చేతినుండి సిమ్యులేటరు ద్వారమువఱకు. విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల పరీక్షాగవాక్షము తెరచి స్టిక్‌ను వదలి చూచితిని. గడి నడుమనున్న చిన్న గుర్తు అర్ధగంటసేపు దీపస్తంభము వలె కదలలేదు. స్టిక్ నిర్దోషి. పరికరములను ఒక్కొక్కటిగా ఊడదీసి ఎగిరితిని. పెడళ్ళు తీసినంతనే జబ్బు మాయమయ్యెను. అమ్మినవానికి తిప్పి పంపుదమని పెట్టెలో సర్ది, టేపు అంటించునంతలో ఎందులకో మనసొప్పక, వానినిగూడ గవాక్షములో పరీక్షించితిని. అవియును నిర్దోషులే!

రెండు నిర్దోషుల నడుమ దోషమెట్లు పుట్టినది? ఎదుట మిగిలినది సిమ్యులేటరు నియంత్రణల పట్టిక ఒక్కటియే. ఒఱగుటకు సంబంధించిన వరుసలో స్టిక్ క్రింద ఎక్స్ అక్షము వ్రాసియున్నది, అది న్యాయమే. అదే వరుసలో కొంచెము కుడికి జరిపి చూడగా పెడళ్ళ క్రింద కూడ ఎక్స్ అక్షము వ్రాసియున్నది. క్రొత్త పరికరమేది తగిలించినను దాని మొదటి అక్షమును ఒఱగుటకే కేటాయించుట సిమ్యులేటరు అలవాటు. నా పెడళ్ళలో మొదటి అక్షము ఎడమకాలి వ్రేళ్ళక్రింది బ్రేకు. రెండింటిలో చివర కదిలినదాని మాటయే సిమ్యులేటరు వినుచుండెను. నేను రడ్డరు తొక్కుచు తెలియకయే ఎడమ వ్రేళ్ళను అదిమినపుడెల్ల అది స్టిక్‌ను త్రోసిరాజని విమానమును పూర్తిగా ఎడమకు ఒఱగించుచుండెను. నేలమీద బ్రేకు, గాలిలో మృత్యువు.

ఆ గడిలోని అక్షరమును తుడిచివేసి, దాని క్రింది వరుసలోని నిలువు కదలికకు కూడ అట్లే అంటుకొనియున్న కుడి బ్రేకును తుడిచి, బ్రేకులను బ్రేకుల వరుసలలో వ్రాసితిని. ఆ సాయంకాలము అదే తీరమున, అదే మలుపు, అదే వేగమునకు తగ్గించి త్రిప్పితిని. కావలెననియే ఎడమ వ్రేళ్ళను గట్టిగా అదిమి పట్టితిని. రెక్క నేను ఉంచినచోటనే నిలిచెను. చక్రములు రన్‌వేను తాకిన పిదప రెండు పాదములతోను అదిమితిని. విమానము ముక్కు కొంచెము వంచి, మెల్లగా ఆగినది.